ఉయ్యాల కర్ర

సాజియాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక పొద్దు అరటికాయల షెడ్డు యజమాని ఆదినారాయణ ముందర నిలబడి, "రేపట్నుంచి బిడ్డను ఎత్తుకోని రావద్దులేమ్మా" అంటాడని. పాముకు భయపడదు, చీకటికి భయపడదు. కువైట్ నుంచి మొగుడి ఫోను రాకపోయినా ఏదో ఒకటి చెప్పుకొని గుండె చిక్కబట్టుకుంటుంది. ఆ ఒక్క మాట తలుచుకుంటే మాత్రం చేతిలోని కాయ నీళ్ళ తొట్లోకి జారిపోతుంది.

ఊరికే పుట్టిన భయం కాదు అది. ప్రొద్దుటూరులో తల్లి రహమత్‌బీకి మోకాళ్ళు పడిపోతే, తొమ్మిదో తరగతి నడుమలోనే బడి మాని ఇల్లు చూసుకున్న పిల్ల సాజియా. పెళ్ళయి, బిడ్డ జువేరియా పుట్టి, మొగుడు ఫయాజ్ కువైట్ పోయినాక ప్రొద్దుటూరులోనే ఒక బట్టలంగట్లో కుదిరింది. బిడ్డ ఒకసారి ఏడ్చింది, షావుకారు చూశాడు. ఇంకోసారి ఏడ్చింది, మళ్ళీ చూశాడు. ఒక్క మాటా అనలేదు. తెల్లారి పోయేసరికి సాజియా కూర్చునే చోట వేరే పిల్ల కూర్చొని చీరలు మడత పెడుతోంది. ఆ తర్వాతే పులివెందులలో ఫయాజ్ వాళ్ళింటికి వచ్చి, అక్కడా బిడ్డను చూసేవాళ్ళు లేక, బిడ్డతోనే ఈ అరటికాయల షెడ్డులో చేరింది. చేరిన రోజు ఆదినారాయణ బిడ్డ వైపు చూసి నవ్వుతూనే, "ఒక బిడ్డంటే సర్దుకుంటాంలే. ఇది షెడ్డు గానీ అంగన్‌వాడీ కాదు" అన్నాడు. ఆయన ఆ మాట అని మరిచిపోయాడు. సాజియా మరిచిపోలేదు.

షెడ్డు ఊరి చివర, తోటల మొదట్లో ఉంటుంది. ట్రాక్టర్లలో గెలలు వస్తాయి. వాటిని అత్తాలుగా, గుత్తి గుత్తిగా కోసి, జిగురు పోయేదాకా నీళ్ళలో కడిగి, మచ్చ పడినవి పక్కకు తీసి, అట్టపెట్టెల్లో పేర్చాలి. కోసేదీ మోసేదీ ఉత్తరాది నుంచి వచ్చే మగవాళ్ళు. ఏ రాష్ట్రంవాళ్ళయినా సరే, షెడ్డులో అందరికీ ఒకటే పేరు, బీహారోళ్ళు. కడిగేదీ పేర్చేదీ ఊరి ఆడవాళ్ళు. ఆ గీత ఎవరు గీశారో తెలియదు గానీ, దానికి కాపలా మాత్రం తిరుపాలమ్మ. వయసులో అందరికన్నా పెద్దది, నోరూ పెద్దదే.

"మొగోళ్ళంటే సరే, గెలలు మోస్తారు. ఆళ్ళ ఆడోళ్ళు గూడా దిగినారనుకో, ఇంగ మనం ఇంటికాడ కూర్చోని గోళ్ళు గిల్లుకోవాల్సిందే" అంటూ ఉండేది.

ఎండలు ముదరకముందు, కాయ ముమ్మరంగా వస్తున్న రోజుల్లో ఒక కూలీల ముఠా షెడ్డు ముందర లారీ దిగింది. మూటలు, వంట సట్లు, ఒక గ్యాసు పొయ్యి. వాళ్ళలో ఒక సన్నపాటి ఆడమనిషి, వీపున గుడ్డలో కట్టుకున్న పసిబిడ్డ. ఆదినారాయణ ఫోనులో ఎవరితోనో ధర మాట్లాడుతుంటే, ఆమె పక్కకొచ్చి నిలబడింది. అక్కడ రెండు ఇనుప స్తంభాల నడుమ పాత చీరతో కట్టిన ఉయ్యాలలో జువేరియా నిద్రపోతోంది. బిడ్డ బరువుకు చీర అంచులు రెండూ దగ్గరికొచ్చి మొహం మీద మూసుకుపోతున్నాయి. సాజియా అది రోజూ చూసేదే. వచ్చి వచ్చి చేత్తో విడదీసి పోతుండేది.

ఆ మనిషి తన మూట విప్పింది. లోపల నుంచి మూరెడు కర్ర తీసింది. రెండు కొసలకూ ఎర్ర రంగు, పచ్చ రంగు పట్టీలు, నడుమ చేతులు పడి నున్నగా అరిగిపోయింది. చీర అంచులు విడదీసి, పైన అడ్డంగా ఆ కర్రను దోపింది. ఉయ్యాల దోనెలాగా విచ్చుకుంది. జువేరియా మొహానికి గాలి తగిలింది. సాజియాకు పుట్టింటి ఉయ్యాల గుర్తొచ్చింది. దానికీ ఇట్లాంటి కర్రే ఉండేది. తనకు ఇన్నాళ్ళూ ఆ ధ్యాసే రాలేదు.

"సాజియా, ఇట్రామ్మా!" ఆదినారాయణ పిలిచాడు. "మీ తురకమాటా వీళ్ళ హిందీ ఒకటే గదా. ఈమె ఏమడుగుతాందో కనుక్కో."

ఒకటి కాదు. కానీ ఆ మనిషి చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా సాజియాకు అర్థం కాకుండా పోలేదు. పేరు ఫూల్‌మనీ. ఊరు జార్ఖండ్‌లో. జల్‌గావ్‌లో అరటికాయల షెడ్డులోనే పనిచేసింది, కడగడం, ఏరడం, పేర్చడం అన్నీ వచ్చు. బిడ్డను ఈ ఒక్క రోజే తెచ్చింది. రేపట్నుంచి వెంట వచ్చిన ఆడబిడ్డ, మొగుడి చెల్లెలు, బాడుగ గదిలో చూసుకుంటుంది, మధ్యాహ్నం ఒక్కసారి పోయి పాలిచ్చి వస్తే చాలు. మొగుడు గెలలు కోస్తాడు. ఇద్దరికీ పని ఒకే చోట దొరికితే ఇక్కడే ఉండిపోతారు.

సాజియా వింటోంది గానీ కళ్ళు మాత్రం ఆమె వీపున ఉన్న బిడ్డ మీదే ఉన్నాయి. ఈరోజు ఒక్కరోజే అంటుంది. రేపు ఆడబిడ్డకు జ్వరమొస్తే? ఇంకో ఉయ్యాల కడుతుంది. రెండు ఉయ్యాలలు, రెండు ఏడుపులు. అంగన్‌వాడీ కాదు అంటాడు. ఇద్దరినీ వద్దంటాడు.

"ఏమంటాదమ్మా?"

"పని కొత్తంటప్పా" అంది సాజియా. తన గొంతు తనకే వేరేవాళ్ళ గొంతులాగా వినిపించింది. "ఎప్పుడూ చేయలేదంట."

"బిడ్డో?"

"ఈడికే తెచ్చుకుంటాదంట. చూసేటోళ్ళు లేరంట."

ఆదినారాయణ తల గోక్కున్నాడు. "పని నేర్పేదానికి ఇప్పుడు తీరుబడి యాడుందిమ్మా. వద్దని చెప్పు."

సాజియా చెప్పింది. ఆడవాళ్ళను తీసుకోరంట అని, ఇంకో అబద్ధం కలిపి మరీ చెప్పింది.  ఫూల్‌మనీ సాజియాకు రెండు చేతులూ జోడించింది.

"నాకోసం మాట్లాడావు దీదీ. చాలు" అంది.

సాజియా గబగబా ఉయ్యాల దగ్గరికి పోయి కర్ర తీయబోయింది. ఫూల్‌మనీ చెయ్యి పట్టుకొని ఆపింది. పిల్ల నిద్రలో ఉంది, లేస్తుంది, ఉండనీ అంది. ఇద్దరికీ పని దొరికే చోటికే పోతామని ఆమె మొగుడు ముఠావాళ్ళకు చెప్పేశాడు. జమ్మలమడుగు పక్క బండల పాలిష్ మిషన్ల దగ్గర ఆడా మగా ఇద్దరినీ తీసుకుంటారని ఎవరో చెప్పారట. వచ్చిన లారీలోనే మూటలు మళ్ళీ ఎక్కించారు. కర్ర ఉయ్యాలలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు తిరుపాలమ్మ తన గిన్నెలోని బొరుగుల ఉగ్గాని సగం తీసి సాజియా గిన్నె మూతలో పెట్టింది.

"తినుమ్మే. మంచి పని చేసినావు."

"నేనేం చేసినా అక్కా?"

"నాకాడ దాపరికమేంది? హిందీ రాకపోతే మాత్రం, జల్‌గావ్ అంటే అరటికాయలని నాకు తెలీదా? ఎన్ని లారీలు చూసినా! ఆయప్పకు ఫోనులో చెవి, ఈడ చెవి ల్యాకపాయ." తిరుపాలమ్మ కిసుక్కున నవ్వింది. "ఒగామె వచ్చిందంటే ఎనకాల పదిమంది దిగుతారు. మొగ్గలోనే తుంచినావు."

సాజియా ఆ ఉగ్గాని ముట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలిక పడేదేమో. మెచ్చుకున్నందుకు దొంగకు తేలు కుట్టినట్టయింది. నొప్పి ఉంది, అమ్మా అని అరిచే వీల్లేదు.

శుక్రవారం ఫయాజ్‌కు సెలవు. వీడియోలో బిడ్డను చూపించమన్నాడు. జువేరియా ఉయ్యాలలో కూర్చొని, ఆ కర్రను రెండు చేతులా పట్టుకొని కొరుకుతోంది.

"కర్ర బాగుండాదే, ఎవరిచ్చినారు?"

"ఒకామె."

"ఎవరో మంచామె" అని, కువైట్‌లో తనకు బండి నడిపే పని దొరికిన కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అతనికి తనివి తీరదు. ఆ ఇంటి యజమాని అరబ్బీలో ఏదో అడిగాడట. ఫయాజ్‌కు ఒక్క ముక్క తెలియదు. పక్కన వంటచేసే కేరళాయన ఉన్నాడు, ముక్కూ మొహం తెలియని మనిషి. ఆయనే మధ్యలో మాట్లాడాడు. ఈ పిల్లోడు పెద్ద బండ్లన్నీ నడిపాడు, రాత్రిళ్ళు కూడా నడిపాడు అని చెప్పేశాడు. నిజానికి నడిపింది ఆటో. "నోరు తెరిస్తే అబద్ధం! నాకోసం ఎంత అబద్ధం చెప్పినాడనుకున్నావు!" అని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి ఆగి, "ఏంది, నవ్వవేంది?" అన్నాడు.

ప్రతిసారీ నవ్వేది. ఈసారి ఫోను బిడ్డ వైపు తిప్పింది.

ఆ తర్వాత పని ఇంకా ఎక్కువైంది. ట్రాక్టరు వెనక ట్రాక్టరు వచ్చి గెలలు ఎండలో నిలబడ్డాయి. కొన్ని రంగు తిరిగిపోయాయి. ఆదినారాయణ షెడ్డంతా తిరుగుతూ ఎవరినో ఒకరిని తిడుతున్నాడు. సాజియా ఉన్న తొట్టి దగ్గరికొచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి, "చేతులు చాలలేదు. ఆ దినం వచ్చిన హిందీ ఆమెకు పనన్నా వచ్చింటే బాగుండు" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

తిరుపాలమ్మ కనుబొమలు ఎగరేసి, నోరు మూసుకో అన్నట్టు చూసింది. సాజియా ఉయ్యాల వైపు చూసింది. కర్రకున్న ఎర్ర పట్టీని బిడ్డ పండ్లతో గీకుతోంది.

"ఆమెకు పనొచ్చప్పా."

"ఏందీ?"

"జల్‌గావ్‌లో ఇదే పని చేసిందంట. బిడ్డను గూడా తేనన్నింది. ఆడబిడ్డ ఉండాదంట చూసేదానికి. నేనే మార్చి చెప్పినా."

 తిరుపాలమ్మ మెల్లగా, "ఎవరడిగినారే నిన్ను" అని గొణిగింది.

"ఎందుకు మార్చినావు?" ఆదినారాయణ అడిగాడు.

"ఇంకో బిడ్డొస్తే నా బిడ్డను గూడా వద్దంటారని. చేరిన దినం చెప్పినారు గదప్పా, ఒక బిడ్డంటేనే అని. అంగన్‌వాడీ కాదని."

"నేనన్నానా?" ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. గుర్తు రాలేదు. "తమాషాకు అనింటా. దాన్ని పట్టుకోని... ఒగరైతేనేం, ఇద్దరైతేనేం? బిడ్డలేమన్నా పెట్టెలు మింగుతారా?"

సాజియా మీద కోపంతో అరుస్తాడేమోనని అందరూ చూశారు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన చెయ్యి పంచెకు తుడుచుకొని, "నిన్నేమనేది లే. నాకాడికొచ్చి నిలబడిన మనిషిని నేను గూడా ఒగసారి మొగమెత్తి చూడలే. నీ మొగం చూసి అడిగినా" అన్నాడు. "జమ్మలమడుగే గదా. రేపు పనికి రావద్దు, పోయి పిల్చుకరా. రెండు ఉయ్యాలలు కట్టుకోండి."

ఇన్నాళ్ళూ లోపల పెట్టి పెంచుకున్న భయం అంత తేలిగ్గా పోయింది. అసలు లేని దయ్యానికి భయపడి, నిలువెత్తు మనిషిని తనే వీధిలోకి నెట్టేసినట్టయింది.

మరునాడు సాజియా బిడ్డను చంకనెత్తుకొని, కర్రను సంచిలో పెట్టుకొని ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కింది. దారి పొడవునా ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. నీకు పనుంది అని ముందు చెప్పాలా, నేనే అబద్ధం చెప్పినా అని ముందు చెప్పాలా? ముందు కర్ర ఇవ్వాలి. ఆ తర్వాత నోట్లో ఏదొస్తే అది.

జమ్మలమడుగు దగ్గర బండల మిషన్లు వరసగా ఉన్నాయి. చెట్లూ మనుషులూ అన్నీ తెల్లటి దుమ్ములో ఒకే రంగు. ఒక మిషను దగ్గర అడిగితే, "ఫూల్‌మనీనా? బీహారోళ్ళ పేర్లు ఎవరు గుర్తు పెట్టుకుంటారుమ్మే" అన్నాడు మేస్త్రీ. అది తన షెడ్డు మాటే. తన నోటి మాటే.

రోడ్డు పక్కన టీ బంకు పెట్టుకున్న అజ్మత్ బీకి మాత్రం గుర్తుంది. "సన్నగా ఉంటాది, ఈపున బిడ్డ, ఆ పిల్లనా? ఉండింది బేటీ. పొద్దస్తమానం నీళ్ళలో నిలబడి బండలు జరిపేది. చూసే ఆడబిడ్డ ఊరికి పోయిందంట, బిడ్డను ఆ మూలన నేల మీద గోనె పరిచి పండబెట్టేది. ఉయ్యాల కట్టుకోమ్మా, కింద దుమ్ము అని నేనే చెప్పినా. గుడ్డ మొగం మీద మూసుకుంటాది, దానికి కర్ర పోయింది అనింది. బిడ్డకు దగ్గు పట్టుకునింది, తగ్గలే. మొన్న ఆ మొగుడూ పెళ్ళాం మూటలు కట్టుకోని పోయినారు."

"యాడికి పోయినారు?"

"ప్రొద్దుటూరు ఆస్పత్రికి అన్నారు. ఆణ్ణుంచి కమలాపురం పోయి రైలెక్కుతారేమో, పనే చూసుకుంటారేమో. ఎవరికి తెలుసు?"

సాజియా ప్రొద్దుటూరు పోయింది. ఆస్పత్రి వరండాలో కూర్చున్న ప్రతి ఆడమనిషి మొహం చూసింది. కనబడలేదు. ఆ సాయంత్రం తల్లి ఇంట్లో జువేరియాను ఉయ్యాలలో వెయ్యబోయి, సంచిలోంచి కర్ర తీయలేక నేల మీదే పండబెట్టుకుంది. రహమత్‌బీ ఏమైందని అడిగితే, "అది వేరేవాళ్ళదమ్మా" అంది.

ఇప్పటికీ సాజియా షెడ్డుకు పోతూనే ఉంది. రెండో జత స్తంభాల నడుమ ఒక చీర ఖాళీగా కట్టే ఉంచింది. తిరుపాలమ్మ దాన్ని చూసి మూతి తిప్పుతుంది గానీ విప్పదు.

అందుకే ఈ కథ చదివేవాళ్ళకు ఒక్క మాట. ప్రొద్దుటూరు, కమలాపురం, పెండ్లిమర్రి, ఎక్కడైనా సరే, పనికోసం ఎవరి గడప ముందరో నిలబడి, తన మాట ఎవరో చెప్తారని ఎదురుచూస్తున్న సన్నపాటి మనిషి కనబడితే, బీహారామె అనుకొని దాటిపోకండి. పేరు అడగండి. ఫూల్‌మనీ అంటే, బిడ్డకు దగ్గు తగ్గిందా అని అడగండి. మీకు హిందీ రాకపోయినా ఫరవాలేదు, బిడ్డ వైపు చూపించి అడిగితే ఏ తల్లికైనా అర్థమవుతుంది. పులివెందులలో ఆమెకు పని ఉందని, కర్ర భద్రంగా ఉందని చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.