పది నెలల పాఠం

పోర్ట్ బ్లెయిర్‌లో మిన్నీ బేకి దగ్గరగా ఒక చేపల ఎగుమతి కంపెనీ ఉంది. పోయిన సంవత్సరం ఏ ఉదయమైనా మీరు దాని లోపలికి అడుగుపెట్టి ఉంటే ముచ్చటపడి ఉండేవారు. చల్లటి గదిలో స్టీలు బల్ల చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు తెల్ల కోట్లు, రబ్బరు బూట్లు వేసుకుని నిలబడేవారు. బల్ల మీద సూర చేపలు. ఎగుమతివాళ్లు ట్యూనా అనేది వీటినే. ప్రతి చేపకూ తోక దగ్గర చిన్న ముక్క కోసి, అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు పట్టి చూసి, మెడలో వేలాడే మైకులో పైకి చెప్పేవారు.

“ఎరుపు బాగుంది, నూనె ఉంది. ఏ గ్రేడ్.”

“ఇది గాలానికి చాలాసేపు కొట్టుకుంది. మాంసం ఉడికినట్టు తెల్లబడింది చూడండి. సీ గ్రేడ్.”

పైనున్న కెమెరా ఆ ముక్కను ఫొటో తీసేది. ఫొటో, మాట రెండూ కలిసి కంప్యూటర్‌లోకి వెళ్లేవి. చేపను చూసి మంచి చెడ్డలు చెప్పే విద్యను ఆ ఎనిమిది మందీ ఒక యంత్రానికి నేర్పుతున్నారు. ఎంతో ఇష్టంగా నేర్పుతున్నారు. అది ఎందుకు నేర్చుకుంటోందో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లలో పెద్దది లీదియా. తండ్రి కాకినాడ వైపు నుంచి వడ్రంగం పనికి వచ్చి ఈ దీవుల్లోనే స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది ఇక్కడే. ఇరవై రెండేళ్లుగా ఆమెకు ఆ బల్లే బడి. చేపను తాకి, దాన్ని పట్టి ఎన్ని గంటలైందో చెప్పగలదు. కంపెనీ యజమాని సుందర్‌రాజ్, ఆమె ఒకే తెలుగు చర్చికి వెళతారు. ఆయనది ముందు వరస, ఆమెది కిటికీ పక్కన.

“దీదీ, ఇప్పుడు మీరు టీచర్లు. మిషన్ మీ స్టూడెంట్. ఫస్ట్ క్లాస్‌లో పాస్ చేయించాలి,” అనేవాడు మేనేజర్ ఉమేష్.

“మరి అది పాసైపోతే మాకేటి పని భయ్యా?” అని ఒకరోజు కామమ్మ అడిగింది.

అందరూ నవ్వారు. ఉమేష్ కూడా నవ్వాడు. “అరే, టెన్షన్ క్యోం దీదీ? మన ఫ్యూచర్ కోసమే కదా సార్ ఇదంతా చేస్తున్నారు. మీరు టెక్నాలజీ నేర్చుకుంటున్నారు.”

పాఠకులు గమనించాలి. కామమ్మ అడిగిన ప్రశ్నకు అతను జవాబు చెప్పలేదు.

కామమ్మ తాతముత్తాతలది శ్రీకాకుళం తీరం. ఆమె భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తశుద్ధి చేయించాలి. ఆ రెండు రోజులూ ఆమె మధ్యాహ్నం దాకా సెలవు పెట్టి, మిగిలిన రోజుల్లో అదనంగా నిలబడి పని పూర్తి చేసేది. అలాంటి మనిషి కూడా ఒక్క చేప ముక్కను చూడకుండా వదల్లేదు. ఎందుకు పాడైందో చెప్పకుండా వదల్లేదు.

నేర్పడం మొదలుపెట్టిన పదో నెల ఆఖర్న ఒక పరీక్ష పెట్టారు. నూరు చేపలను యంత్రమూ చూసింది, లీదియా కూడా చూసింది. తొంభై ఆరింటికి రెండు జవాబులూ ఒక్కటే. ఆ సాయంత్రం లీదియా గర్వంగా ఇంటికి వెళ్లి కూతురు షెరిన్‌తో చెప్పింది. “అచ్చం నాలాగే చూస్తుందే! నేను ఏది సీ అంటానో అది కూడా సీ అంటుంది.”

ఆ తర్వాత శుక్రవారం ఎనిమిది మందిలో ఐదుగురికి కవర్లు ఇచ్చారు. లోపల ఇంగ్లీషు. లీదియా తన ఉత్తరాన్ని ఇంటికి తెచ్చింది. షెరిన్ చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“క్యా హువా? చెప్పవే.”

“నిన్ను డిగ్లీపూర్‌కి వేశారమ్మా. అక్కడి కొనుగోలు కేంద్రంలో చేపలూ పెట్టెలూ కడిగే పని. వారంలో జాయిన్ కావాలట.”

డిగ్లీపూర్ అంటే ఉత్తరాన ఆ చివర. ఇక్కడ తెల్లారగట్ల బస్సెక్కితే పొద్దు గూకేదాకా కూర్చోవాలి. కుటుంబం ఉన్న ఆడమనిషి అక్కడికి వెళ్లి పెట్టెలు కడుగుతూ ఉండలేదని ఉత్తరం రాసినవాళ్లకు తెలుసు. తెలిసే రాశారు. పనిలోంచి తీసేస్తే చట్టం అడ్డొస్తుంది, పేరు పోతుంది. అదే వాళ్లంతట వాళ్లు వెళ్లిపోతే?

శనివారం ఉదయం కామమ్మ తనకొచ్చిన కవరుతో ఉమేష్ గదికి వెళ్లింది.

“మా ఆయన్ని ఆస్పత్రికి ఎవులు తీసుకెళ్తారు భయ్యా? నానక్కడికెళ్తే ఆ మనిషి బతకడు.”

ఉమేష్ ఆమె ముఖంలోకి చూడలేదు. “మీ ఇష్టం దీదీ. వెళ్లొచ్చు. లేదంటే రిజైన్ చెయ్యొచ్చు.” ఒక కాగితం ముందుకు జరిపాడు. అది అప్పటికే టైపు చేసి ఉంది. సంతకం పెట్టడమే మిగిలింది. ‘నేను స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటున్నాను’ అని అందులో ఉంది.

స్వచ్ఛందంగా! మెడ మీద కత్తి పెట్టి ఇప్పించుకున్నదానికి ఈ కాలపు కంపెనీలు పెట్టుకున్న మర్యాదైన పేరు ఇది. కామమ్మ పెన్ను తీసుకుని సంతకం చేసి బయటికి వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక లీదియా చర్చి మెట్ల దగ్గర సుందర్‌రాజ్ కోసం నిలబడింది.

“సార్, ఒక్క మాట. కామమ్మ విషయం...”

“ఆఫీసు విషయాలు ఆఫీసులోనే మాట్లాడుకోవాలి లీదియమ్మా. ఇది దేవుని మందిరం,” అని ఆయన కారెక్కాడు. ఎక్కేముందు గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. “అన్నట్టు మంగళవారం వ్యాపారుల సంఘం మీటింగ్ ఉంది. ఉమేష్ చెప్పాడా? తెల్ల కోటుతో రావాలి మీరు.”

మంగళవారం హోటల్ హాలు నిండిపోయింది. బోట్ల యజమానులు, రిసార్టులవాళ్లు, కాంట్రాక్టర్లు వచ్చారు. ‘మారుతున్న పని, మన సంసిద్ధత’ అన్నది ఆనాటి విషయం. ముఖ్య వక్త సుందర్‌రాజ్. ఆయన చక్కగా మాట్లాడాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. ఆ బొమ్మల్లో లీదియా ఉంది, కామమ్మ ఉంది, ఇద్దరూ మైకులు వేసుకుని నవ్వుతున్నారు.

“టెక్నాలజీ అంటే ఉద్యోగాలు పోతాయని భయపెడతారు. మా దగ్గర కొత్త మిషన్ వచ్చింది. ఒక్కరినీ, గుర్తు పెట్టుకోండి, ఒక్కరినీ మేం తీసెయ్యలేదు!”

చప్పట్లు మోగాయి. వక్తకు పూలగుత్తి ఇవ్వడానికి లీదియాను వేదిక మీదికి పిలిచారు. ఆమె పూలగుత్తిని బల్ల మీద పెట్టేసి మైకు ముందు నిలబడింది. ఎవరికీ అర్థమయ్యేలోపే హిందీలో మొదలుపెట్టి, కోపం పొంగేసరికి తెలుగులోకి వచ్చేసింది.

“సార్ చెప్పింది నిజమే. ఎవరినీ తీసెయ్యలేదు. ఐదుగురిని డిగ్లీపూర్ పంపి పెట్టెలు కడగమన్నారు. ఆ బొమ్మలో నవ్వుతుందే, ఆవిడ పేరు కామమ్మ. మొగుడు కిడ్నీలు పాడై మంచం మీదున్నాడు. ఆమె వెళ్లలేనంటే ముందే టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పది నెలలు మా విద్య మొత్తం ఊడ్చుకున్నారు. అప్పుడు మమ్మల్ని టీచర్లన్నారు. ఏ టీచర్‌ని అయినా పాఠం అయిపోగానే ఊరవతలికి విసిరేస్తారా సార్? ఇదా మీ సంసిద్ధత?”

హాలులో చాలామంది ఫోన్లలోకి తలలు దించుకున్నారు. నిర్వాహకులు టీ సిద్ధంగా ఉందని ప్రకటించారు. అంత మాట విన్నాక కూడా టీ తాగడానికి అందరూ లేచారు. ఎందుకంటే అందులో సగంమంది తమ కంపెనీల్లోనూ అలాంటి యంత్రాలు, అలాంటి ఉత్తరాలు సిద్ధం చేసుకుంటున్నవాళ్లే.

మర్నాడు లీదియాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆమె దాన్ని తీసుకుని, బదిలీ అయిన మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి గోపినాథ్ రిటైర్మెంట్‌కి దగ్గరపడిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. రెండు పక్షాలనూ పిలిపించాడు.

“మిషన్ పెట్టడానికి ప్లాన్ రాయించారు కదా. చూపించండి.”

నలభై పేజీల పుస్తకం ఆయన ముందు పెట్టారు. ఖరీదైన కాగితం, రంగుల బొమ్మలు. “మిషన్ వచ్చాక ఈ అమ్మలు ఏం పని చేస్తారన్నది ఇందులో ఎక్కడుంది?” అని అడిగాడు.

ఉమేష్ పేజీలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. సిబ్బంది సర్దుబాటు బదిలీల ద్వారా. అంతే. కరెంటు తీగల గురించి ఆరు పేజీలు, మనుషుల గురించి ఒక్క వాక్యం.

“వీళ్లకి వేరే పని లేదు సార్. ఉంటే ఇచ్చేవాడినే,” అన్నాడు సుందర్‌రాజ్.

“ఉంది,” అంది లీదియా. “మీ కంప్యూటర్‌లోనే ఉంది. మేం మైకులో చెప్పిన మాటలు ఒక్కరోజువి వినండి.”

గోపినాథ్ ఒప్పుకున్నాడు. ఉమేష్ లాప్‌టాప్ తెరిచాడు. ముందు లీదియా గొంతు, తర్వాత కామమ్మ గొంతు వినిపించాయి. “దీనికి ఐసు లేటుగా ఏసినారు. పట్టిన ఎంటనే ఏసుంటే ఇది ఏ గ్రేడే గదేటి. ఎవులైనా బోటుకెళ్లి ఆలకి సెప్తే బాగున్ను.” ఇంకో చేప. “దీన్ని డెక్కు మీద ఎండలో వొదిలీసినారు. ఎవులూ సెప్పరేటి ఆలకి?” మూడు చేపలకు ఒకసారైనా అదే మాట. పావుగంటసేపు అదే మాట.

సుందర్‌రాజ్ తల వంచుకుని విన్నాడు. యంత్రం మంచి చేపనూ చెడ్డ చేపనూ వేరు చేయగలదు. చెడ్డ చేప రాకుండా చేయాలంటే మనిషి బోటు దగ్గరికి వెళ్లాలి. ఆ మనుషులు పది నెలలుగా ఆయన సొంత గదుల్లో గొంతు చించుకుని చెబుతున్నారు.

“మా మాటలు మిషన్ విన్నది సార్,” అంది లీదియా. “మీరే వినలేదు.”

బదిలీలు రద్దయ్యాయి. నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు లీదియా, ఆ ముగ్గురూ ఉదయాన్నే జెట్టీకి వెళ్లి చేపను ఎలా పట్టాలో, ఎప్పుడు ఐస్ వేయాలో బోటువాళ్లకు చూపిస్తున్నారు. కొత్త యంత్రం ఏదైనా రావాలంటే ఆరు నెలల ముందే పనివాళ్లతో కూర్చుని మాట్లాడాలని రాతపూర్వకంగా ఒప్పందం జరిగింది. యంత్రమూ ఉంది. బాగానే పనిచేస్తోంది. దాని తప్పేమీ లేదు.

కామమ్మ కాగితం మీద మాత్రం ‘స్వచ్ఛందంగా’ అని ఉంది కాబట్టి ఒప్పందంలో ఆమె పేరు లేదు. అప్పటికే ఆమె ఒక హోటల్లో గదులు తుడిచే పనిలో చేరింది. సుందర్‌రాజ్ స్వయంగా ఆమె ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో నిలబడే, తిరిగి రమ్మని అడిగాడు. జెట్టీ దగ్గర ఆమెలాంటి మనిషి కావాలన్నాడు.

కామమ్మ లోపలి మంచం వైపు ఒకసారి చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“వొద్దు సార్. నాకాడ ఇంకేటి మిగల్లేదు. ఉన్నదంతా మీ మిషన్‌కే సెప్పీసినాను.”

ఆయన వెనుదిరిగాడు. ఆ అవమానం ఆయనకు అవసరమే. కానీ ఆ అవమానం ఒక యజమానికి బుద్ధి చెప్పింది గాని, కామమ్మ పోగొట్టుకున్నదాన్ని తెచ్చి ఇవ్వలేదు.

యజమానులారా, రేపటి పనికి సిద్ధం కావాలంటే ముందు ఈరోజు పని చేస్తున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల విద్య తీసుకుని, వాళ్లకు చోటు లేకుండా వేసుకున్న ప్రణాళికకు ఎంత గొప్ప పేరు పెట్టినా అది దొంగతనమే.