తాడు కట్టిన రాయి

నేను ఒక రాయిని. కొబ్బరికాయంత ఉంటాను. జపానులో ఒక నగరం నడిబొడ్డున, ఒకప్పటి ప్రభువు చెరువు చుట్టూ షికారు తిరగడానికి వేయించుకున్న తోటలో నా కాపురం. ఏటి ఒడ్డున పడి ఉన్నదాన్ని ఒక తోటమాలి ఏరి తెచ్చి, నాలుగు పక్కలా నల్ల తాడు చుట్టి, నెత్తిన పిలకలా ముడి వేశాడు. ఆ పూటే నాకు ఉద్యోగం వచ్చింది. దారి చీలిన చోట నన్ను పెడితే ‘ఇటు రావద్దు’ అని అర్థం. గొలుసు లేదు, గేటు లేదు, నేనొక్కదాన్నే.

ఆ తోటమాలి పోయాడు, ఆయన శిష్యుడూ పోయాడు. ఇప్పుడు నేను హొరియుచి అనే ముసలాయన చేతిలో ఉన్నాను. ఏటా పాత తాడు కోసి కొత్తది కడతాడు, నాతో ఒక్క మాటా మాట్లాడడు. ఇక జనం సంగతి సరేసరి. నా అర్థం తెలిసినవాళ్లే నన్ను దాటి వెళ్లి, ఫొటో దిగి, మళ్లీ నన్నే దాటి వస్తారు.

మొన్న వసంతంలో నన్ను పెద్ద పైన్ చెట్టుకు వెళ్లే దారిలో పెట్టారు. దారి పొడవునా కొత్తగా నాచు పరిచారు, అది నేలకు అంటుకునేదాకా ఎవరూ నడవకూడదు.

ఆ ఉదయం ఒక తెలుగు జంట వచ్చింది. వాళ్ల మాట నాకెలా అర్థమైందని అడగకండి, రాయి మాట్లాడుతుంటే ఊరుకున్నారు కదా. ఆయన వీరభద్రం, కడియం నర్సరీల్లో నలభై ఏళ్లు మొక్కలకు అంట్లు కట్టిన మనిషి. నీటికాసుల జబ్బు ఆయన చూపును పక్కల నుంచి తినేస్తోంది. పూర్తిగా పోయేలోగా ఆ చెట్టును చూడాలని నర్సరీ రైతుల బృందంతో వచ్చాడు. మధ్యాహ్నం బస్సు ఎక్కితే మళ్లీ రావడం ఉండదు.

ఆయన కాలు ఎత్తాడు. భార్య మంగతాయారు చెయ్యి పట్టుకుని లాగింది.

“ఆగండాగండి! ఎవరో మొక్కుకుని ముడుపు కట్టారండీ. దాటకూడదు.”

“రాయి కదే, తాయారూ!”

“రాయే లెండి. ఎవరి కష్టమో ఏంటో. తాడు కట్టి మరీ పెట్టారు. దాన్ని దాటుకుంటా వెళ్లి మనం చెట్టు చూస్తామా?”

నేను ముడుపునట! అర్థం తెలిసినవాళ్లు ఆగలేదు, తెలియని ఈమె ఆగింది. ఆయన ‘సరేలే’ అని పక్కనున్న చిన్న చెట్టు దగ్గర చతికిలబడి, కొమ్మకు కట్టిన తాడును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది, నా ఉద్యోగం మీద నాకే కోపం వచ్చింది.

హొరియుచి అంతా చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి, ఆయన బొటనవేలి మీది కత్తి గాట్లు చూశాడు. తన వేలు చూపించాడు. అవే గాట్లు. వీరభద్రం తన కళ్లు చూపించి, చెట్టు వైపు చూపించి, ఇక కనపడదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

హొరియుచి కాసేపు నాచు వంక చూశాడు. తర్వాత నన్ను ఎత్తి తాయారు చేతుల్లో పెట్టి, వీరభద్రం చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నన్ను కళ్లకద్దుకుని చెప్పులు విడిచింది. అది చూసి మగవాళ్లిద్దరూ విడిచారు.

అప్పుడు చూశాను ఆ చెట్టును. ఇన్నేళ్లూ ఈ తోటలో దారులకు కాపలా కాశానే గానీ, దాన్ని చూడలేదు! కొమ్మలు ఆకాశంలోకి కాక నీళ్ల మీదికి సాగాయి. మూడు వందల ఏళ్లుగా ఎందరో ఒక్కో కొమ్మనే వంచి, సూదుల్లాంటి ఆకుల్ని ఒక్కొక్కటే ఏరి, తాము ఎన్నటికీ చూడని రూపం కోసం పనిచేసి వెళ్లిపోయారు. రాయిని గనక సరిపోయింది, లేకపోతే ఏడ్చేదాన్ని.

వీరభద్రం చాలాసేపు చూసి, కళ్లు మూసుకున్నాడు.

“నేను చెప్తాను, తప్పుంటే చెప్పు. మొదలు దగ్గర ఒక వంపు. పైన గొడుగులాగా మూడంతస్తులు. కుడివైపు కొమ్మ నీళ్లదాకా వంగింది, దాని కింద ఊతకర్రలు రెండు. అంతేగా? కంఠతా వచ్చేసినట్టేగా?”

ఎడమ పక్క, ఆయన భుజం దాకా వచ్చి ఆగిన కొమ్మ ఉంది. అన్నిటికన్నా పొడవైనది అదే. ఆయన దాని మాటే ఎత్తలేదు. తాయారు చేతులు నా చుట్టూ బిగుసుకున్నాయి.

“ఒకటి వదిలేశారండి,” అంది. గొంతు మామూలుగానే ఉంచుకుంది. నన్ను చంకలో పెట్టుకుని, ఆయన చెయ్యి తీసి ఆ కొమ్మ మీద పెట్టింది.

“ఇదొకటుందా!” అన్నాడాయన. కళ్లు తెరవలేదు. రెండు చేతులతో బెరడు తడుముకుంటూ చివరి ఆకుల దాకా వెళ్లాడు.

ఆ చెట్టును ఎవరూ ముట్టుకోకూడదు. హొరియుచి అటు తిరిగి, నేల మీద లేని ఆకులు ఏరుతున్నాడు.