బొంతలో లేని చీరలు

ఉయ్యూరులో ఆ వీధిలో ఎవరింట కడుపు పండినా ముందు కబురు డాక్టరమ్మకి, తరువాత పద్మావతమ్మకి. పుట్టబోయే బిడ్డ సంగతి డాక్టరమ్మ చూసుకుంటే, బొంత సంగతి పద్మావతమ్మ చూసుకుంటుంది. ఊరికే చూసుకోదు. కుట్టిపెట్టమని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ముందు ఓ క్లాసు పీకుతుంది.

"పైన పూలగుడ్డ ఎవరైనా వేస్తారమ్మా, లోపలేం వేశామన్నది చూసుకోవాలి. దూది వేశామా, రెండుసార్లు ఉతికేసరికి ఉండలు కట్టేస్తుంది. ఫైబరు వేశామా, మన ఎండలకి పిల్ల ఉడికిపోతుంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరే వెయ్యాలి. అదీ రెండువైపులదీ. అమ్మమ్మదొకటి, నాయనమ్మదొకటి."

పక్కింటి సుస్మిత పాపం, ముచ్చటపడి బజార్లో ఫైబరు బొంత కొనుక్కొచ్చి చూపిస్తే, "దీనిమీద పడుకోబెడతావా పిల్లాణ్ణి?" అని ఆ అమ్మాయిని ఏడిపించినంత పని చేసింది. అలాంటి పద్మావతమ్మ సొంత మనవరాలి బొంతలో ఫైబరు వేసింది.

కారణం చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందే. కూతురు సింధూరిని ఇబ్రహీంపట్నం ఇచ్చారు. అల్లుడు పవన్‌కుమార్‌కి బ్యాంకు ఉద్యోగం, నెమ్మదైనవాడు, వంక పెట్టడానికేమీ లేదు. పద్మావతమ్మకి నామోషీ అంతా అతని తల్లి తిరుపతమ్మతోనే. భర్త పోయాక టిఫిన్ బండి పెట్టుకుని కొడుకుని చదివించిన మనిషి ఆవిడ. వియ్యపురాలు ఏం చేస్తుందని చుట్టాలు అడిగితే పద్మావతమ్మ "హోటల్ బిజినెస్సండీ" అని మాట మార్చేసేది.

సింధూరి కాన్పుకి పుట్టింటికి వచ్చాక, తిరుపతమ్మ కొడుకు చేత ఒక మూట పంపించింది. వెనకాలే ఫోను చేసింది.

"వదినగారూ, మీరు బొంతలు బాగా కుడతారంటగా, సింధూరి చెప్పింది. మావైపు చీరలు పంపానండి. పాతవే, కానీ మెత్తగా ఉంటాయి."

మూటలో మూడు నూలుచీరలున్నాయి. రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి. ఒకదానికి పొయ్యి రవ్వలు పడి చిల్లులు, ఇంకోదానికి అతుకు. బొంతలోకి ఇంతకన్నా మంచి గుడ్డ దొరకదని ముట్టుకోగానే పద్మావతమ్మ వేళ్ళకి తెలిసిపోయింది. కళ్ళు మాత్రం ఆ అతుకు దగ్గరే ఆగిపోయాయి. నూనె వాసన కొడుతున్నాయని ముక్కు కూడా విరిచింది. నిజానికి ఆ చీరల్లో ఉన్నది సబ్బు వాసనే.

మర్నాడు పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాడు మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. పద్మావతమ్మ ఆ మూట తెచ్చి వాడి ముందు పడేసింది. వాడు చిల్లులు చూపించి సణిగాడు. ఈవిడ వదల్లేదు. ఇంట్లోంచి నాలుగు పాత ప్యాంట్లు తెచ్చి మూటకి కలిపి, బేరమాడి, తళతళలాడే పెద్ద బేసిను పుచ్చుకుని లోపలికి వచ్చింది.

తీరా బొంత కుట్టబోతే లోపల వెయ్యడానికి ఏమీ లేదు. పద్మావతమ్మ నూలుచీర కట్టడం మానేసి ఏళ్ళయింది. బీరువా నిండా ఒంటిమీద నిలవని సిల్కులే. దాంతో విజయవాడ వన్‌టౌన్ వెళ్ళి ఫైబర్ షీటు కొనుక్కొచ్చింది. లోపల పెట్టి కుడితే బొంత పూరీలా పొంగింది. బారసాలలో చుట్టాల కంటికి బాగుంటుంది, ఏసీలో పడుకునే పిల్లకి చెమటేమిటి అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"అత్తయ్య చీరలు వేశావా అమ్మా?" అని సింధూరి అడిగింది.

సూదిమీంచి చూపు తిప్పకుండా "ఆఁ" అంది పద్మావతమ్మ.

బారసాల నాటికి ఎండలు ముదిరాయి. తిరుపతమ్మ పొద్దున్నే దిగింది. వియ్యపురాలికి పెట్టడానికి మంగళగిరి నూలుచీర తెచ్చింది. పద్మావతమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, మళ్ళీ తియ్యనక్కర్లేని అరలో పెట్టేసింది. మనవరాలికి స్నానం తానే చేయిస్తానంది నాయనమ్మ. పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, పిల్లని బేసినులో పడుకోబెట్టి నీళ్ళు పోసింది.

"బేసిను బాగుందండీ వదినగారూ. కొత్తదా?"

"కొత్తదే" అంది పద్మావతమ్మ, టవలు కోసమన్నట్టు అటు తిరిగి.

పిల్లని తెచ్చి బొంతమీద పడుకోబెట్టాక, తిరుపతమ్మ దాని అంచులు చేత్తో సవరిస్తూ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది.

"ఇందులో మా అత్తగారి చీర కూడా ఉందండి. మా పవన్ పుట్టినప్పుడు ఆ చీర కొంగులోనే ఎత్తుకుంది. బండి దగ్గర నేను ఇడ్లీలు వేస్తుంటే వాణ్ణి ఆ చీర ఉయ్యాల్లోనే ఊపేది. మహాతల్లి, మునిమనవరాల్ని చూడకుండానే పోయింది. పోనీ చీరన్నా పిల్ల వంటికి తగుల్తోంది."

ఆడవాళ్ళందరూ పద్మావతమ్మ వైపు తిరిగారు. వియ్యాలవారిని గౌరవించడమంటే ఇదీ అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. పద్మావతమ్మకి ముఖం చెల్లలేదు. వంటవాళ్ళు పిలవకపోయినా పిలిచినట్టు వంటింట్లోకి వెళ్ళి, చల్లారిన పాయసాన్ని కలుపుతూ నిలబడింది.

ఇంతలో కరెంటు పోయింది. కాసేపటికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. సింధూరి ఎత్తి చూస్తే, బొంతంతా తడిపేసింది, వీపంతా ఎర్రగా చెమటకాయలు. పిల్లని మొగుడి పాత లుంగీమీదకి మార్చింది. ఆ తడిబొంత తీసుకుని తిరుపతమ్మ పెరట్లోకి నడిచింది. పద్మావతమ్మ వెనకాలే పరుగెత్తింది.

"మీరెందుకండీ, పనమ్మాయి ఉందిగా!"

"నా మనవరాలి బొంత ఉతకడానికి పనమ్మాయెందుకండీ?"

కుళాయి కింద ముంచి పిండబోయింది. నీళ్ళు ఒకంతట దిగలేదు. లోపలిదంతా జారి ఒక మూలకి ముద్దగా చేరింది. తిరుపతమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ ముద్దని గుడ్డమీంచే ఒకసారి వేళ్ళతో తడిమి చూసింది. పద్మావతమ్మ వైపు మాత్రం చూడలేదు.

సుస్మిత పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "అదేంటి పిన్నిగారూ, మీ బొంత అలా ఉండకట్టిందేంటి?"

తిరుపతమ్మే అందుకుంది.

"మా చీరలు బాగా పాతవమ్మా. నీళ్ళు తగలగానే పీచులైపోయినట్టున్నాయి. ఆవిడ కుట్టులో తప్పేమీ లేదు. నేనే కాస్త గట్టివి పంపాల్సింది."

ఆ మాటకి పద్మావతమ్మ ప్రాణం హాయిగా సర్దుకుంది. తరువాత తలుచుకున్నప్పుడల్లా ఆవిడ అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడింది ఆ హాయికే. బండి నడిపినన్నాళ్ళూ ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి, ఈవిడ పరువు కోసం తన అత్తగారి చీరని పాడు గుడ్డ అనేసింది. ఇక ఊరుకుంటే తను మనిషి కాదనిపించింది పద్మావతమ్మకి.

"చీరలు అందులో లేవు సుస్మితా" అంది. "ఫైబరు వేశాను. ఆవిడ పంపిన చీరలు అతుకులున్నాయని స్టీలు సామాన్లవాడికి వేసేశాను."

సుస్మిత పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరుపతమ్మ తడిబొంతని కింద పెట్టింది.

"మూడూనా?"

"మూడూ."

"ఏమిచ్చాడండీ?"

పద్మావతమ్మ చూపు కుళాయి పక్కకి వెళ్ళింది. పొద్దుటి సున్నిపిండి నీళ్ళు ఇంకా ఆ బేసినులోనే ఉన్నాయి. తిరుపతమ్మ కూడా అటు చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లేచి వెళ్ళి, ఆ నీళ్ళు పారబోసి, బేసినుని కడిగి, గోడకి ఆనించి పెట్టింది.

"పోనీలెండి వదినగారూ. పిల్లకి రోజూ ఇందులోనే పొయ్యండి" అంది.

సాయంత్రం బస్సెక్కేదాకా ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు. సింధూరి తల్లితో రెండు రోజులు మాట్లాడలేదు.

మర్నాడు పద్మావతమ్మ ఆ మంగళగిరి చీర బయటికి తీసింది. గంజి పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి కట్టుకుంది. రాత్రి ఉతికి, పొద్దున్న మళ్ళీ అదే కట్టుకుంది. రోజూ ఆ చీరేనా అని వీధిలో ఎవరైనా నవ్వితే, "మనవరాలి బొంతలోకి మెత్తబరుస్తున్నాను" అని, ఎందుకో కూడా దాచకుండా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

ఎంత ఉతికినా ఆ చీర ఇంకా గరగరలాడుతూనే ఉంది. పిల్ల చూస్తే అప్పుడే బోర్లా పడుతోంది.