మేడం రాసిన ఇంగ్లీషు మాట

నా కూతురు గోడకు అవతల ఏడుస్తుంటే, వింటూ కూడా నేను వెళ్లలేకపోవడం. ఈ లోకంలో నాకు అన్నిటికన్నా భయం అదే.

నేను పనిచేసే లాండ్రీలో ఆ గోడ ఉంది. ఇవతల మా ఇస్త్రీ బల్లలు, అవతల పిల్లల గది. అందులో పనివాళ్ల పిల్లలు నలుగురు, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆయా. నా కూతురికి అప్పుడు పదకొండో నెల.

మా సూపర్‌వైజరుకు మేం పెట్టుకున్న పేరు మడత మేడం. దుప్పటి అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా విప్పించి మళ్లీ మడత పెట్టించేది. వారానికోసారి ఎర్ర రిజిస్టరులో ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఇంగ్లీషులో ఒక మాట రాసేది. పక్కన మేం సంతకం పెట్టాలి. ఏం రాసిందని అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. చెడ్డ మాటలు మూడు పడితే గేటు బయటే అని మాత్రం అందరికీ తెలుసు. ఆలస్యంగా వచ్చినందుకు నాకు అప్పటికే ఒకటి పడింది.

ఆ మధ్యాహ్నం బుజ్జిది ఏడుపు మొదలుపెట్టింది. ఆయా ఉందిలే అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. నాలుగు దుప్పట్లు ఇస్త్రీ చేసేసరికి గొంతు బొంగురుపోయి, కీచుమని మాత్రమే వినిపించింది. ఇస్త్రీ పెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తాను. గదిలో పెద్దవాళ్లెవరూ లేరు. నా కూతురి కాలు ఉయ్యాల కమ్మీల మధ్య ఇరుక్కుపోయి నీలంగా వాచింది. ఆయాను మేడం మేడ మీదికి పంపింది, తన ఇంటి కర్టెన్లు ఇస్త్రీ చేయించుకోవడానికి.

నేను తిరిగొచ్చేసరికి దిండు గలీబు కాలిపోయి ఉంది. మేడం రిజిస్టరు తెరిచి ఉంచింది.

“ఏం రాశారు మేడం?”

“నీ గుణం రాశాను. సంతకం పెట్టు.”

పెట్టాను. పెట్టిన చేతిని నరుక్కోవాలనిపించింది.

తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువు నాది. అక్షరాలు కూడబలుక్కుంటాను, అర్థాలు రావు. ఆ మాటను అరచేతి మీద రాసుకుని ఇంటికి తెచ్చాను. కాలేజీలో చదువుతున్న మా ఆడపడుచు ముందు చెయ్యి చాపాను.

“జాతకం చెప్పమంటావా వదినా?” అని నవ్వి, చదవగానే నవ్వు ఆపేసి ఫోన్లో డిక్షనరీ తెరిచింది. “నెగ్లిజెంట్. చెయ్యాల్సిన పనిని గాలికొదిలేసే మనిషి అని.”

“ఎవరు, నేనా?”

“డిక్షనరీకి నీ మొహం తెలీదుగా! ఆగు, ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఉంది. లాటిన్ అంట. రెండు ముక్కలు. మొదటిది ‘కాదు’ అని, రెండోది ఏరడం, చేతికి తీసుకోవడం అని. కలిపితే, చేతికి తీసుకోనిది.”

“బిడ్డని చేతికి తీసుకోబట్టే కదే గలీబు కాలింది!”

“ఉండు వదినా, అసలు సంగతి ఇంకోటుంది. ఊరికే మర్చిపోయేవాళ్లని ఈ మాట అనరంట. నీ మీద బాధ్యత ఉండి అది వదిలేస్తేనే. కాపలావాడు డ్యూటీలో నిద్రపోతే నెగ్లిజెంట్. ఇంట్లో నిద్రపోతే కాదు. ఇంతకీ మీ పిల్లల గది బాధ్యత ఎవరిది?”

పిల్లల గది తలుపుకు ఒక కాగితం అంటించి ఉంటుంది. గంటగంటకూ లోపలికి వెళ్లి చూసి, ‘నలుగురు, క్షేమం’ అని రాసి సంతకం చేయాల్సింది మేడమే. ఆమె పొద్దున్నే ఒక్క ఊపులో సాయంత్రం అయిదు దాకా సంతకాలు కొట్టేసి వెళ్లిపోతుంది. రోజూ చూస్తున్నాం. చూసి చూసి అది తప్పని మాకు తోచడమే మానేసింది.

మా ఆడపడుచు కార్మిక శాఖ ఆఫీసుకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. అవతల అధికారిణి అంతా విని, “గురువారం మూడింటికి వస్తాను, ఎవరికీ చెప్పకు” అంది.

తల్లులకు మాత్రం చెప్పాను. ఊడిన బొత్తాలు కుట్టే బొత్తాలక్క మొదట భయపడింది. “పెద్దోళ్లతో మనకెందుకు చెల్లీ?” అంది. మళ్లీ తనే, “నా పిల్లాడి పిర్రలు చూడు, తడిగుడ్డలో నాని నాని ఎలా దోక్కుపోయాయో. మా ఇల్లు పక్క సందే. గురువారం పిల్లల్ని అక్కడికి తెచ్చేయండి, గదిలో లేరని ఈవిడకి తెలుస్తుందో లేదో చూద్దాం” అంది.

గురువారం భోజనాల వేళ, ఆయాను మేడం మళ్లీ మేడ మీదికి పంపాక, నలుగురు పిల్లలనూ వెనక తలుపులోంచి బొత్తాలక్క ఇంటికి చేర్చాం. మా ఆడపడుచు కాలేజీ మానేసి వాళ్ల దగ్గర కూర్చుంది. రెండు గంటలు గడిచినా మేడం ఒక్కసారి గదిలోకి తొంగి చూడలేదు.

మూడింటికి అధికారిణి వచ్చింది. మేడం నవ్వుతూ తలుపు తీసింది. ఖాళీ గది.

“పిల్లలేరీ? ఏయ్, పిల్లలేరీ?” చాపలు ఎత్తి చూసింది. మాసిన దుప్పట్ల మూటలు విప్పింది. ముడి ఊడి జుట్టు మొహాన పడింది. జవాబు నా నాలుక చివరనే ఉంది. ఇంకాస్త వెతకనీ అని ఊరుకున్నాను.

అధికారిణి కాగితం చదివింది. “రెండింటికి నలుగురు, క్షేమం. సంతకం మీదేనా?”

“మాదే... అంటే, నాదే మేడం.”

“నాలుగింటికీ అయిదింటికీ కూడా క్షేమమే అంటున్నారు. మీకు జోస్యం కూడా వచ్చా?”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు చెప్పాను. “పిల్లలు బొత్తాలక్క ఇంట్లో ఉన్నారమ్మా. ఆయా మేడ మీద ఈవిడ ఇంటి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది, వెళ్లి చూడండి.” ఆ కాగితం మీద, ఆమె సంతకాల పక్కన, నేర్చుకున్న ఆ మాట పెద్ద అక్షరాలతో రాశాను.

“దీనికి అర్థం తెలుసా నీకు?” అంది అధికారిణి.

అర్థం చెప్పాను, పుట్టుక చెప్పాను, ఎవరికి వాడాలో ఎవరికి వాడకూడదో చెప్పాను. కలం మేడం చేతికిచ్చాను.

“మీ గుణం రాశాను మేడం. సంతకం పెట్టండి.”

పెట్టింది. ఆ గీత వంకరగా పోయింది. అది చూసి నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు?

నా పేరు ఎదురుగా ఉన్న మాట కొట్టేశారు. పిల్లల గదిని వదిలి కదలొద్దని ఆయాకు రాతపూర్వకంగా ఇచ్చారు. మేడం ఉద్యోగం మాత్రం ఊడలేదు. యజమానికి ఆమె మడతలంటే మోజు. పెద్ద రోడ్డు చివర ఉన్న తన రెండో లాండ్రీకి మార్చాడు. ఊడాలనే కోరుకున్నాను, ఇప్పటికీ కోరుకుంటున్నాను.

అక్కడ ఇస్త్రీ చేసే అమ్మాయికి ఏడు నెలల కొడుకున్నాడట. చూద్దామని పోయిన వారం వెళ్తే నన్ను గేటు దగ్గరే ఆపేశారు. మీరు బట్టలు వేయడానికి వచ్చినవాళ్లలా వెళ్తే ఆపరు. కౌంటరు దాటి ఎడమచేతి వైపు పిల్లల గది ఉందట. మధ్యాహ్నం పూట వెళ్లండి. తలుపు మీద కాగితం ఏం చెప్పినా నమ్మకండి. తలుపు తోసి, ఆ పిల్లాడి దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో ఒక్కసారి చూడండి.