వెచ్చని చెయ్యి

సముద్రంలో పడవ మునిగినప్పుడల్లా ఆ అక్కాచెల్లెళ్ళకు పని పడేది. నడుము పైన మనుషులు, కింద చేపలు. తల్లి నేర్పిన పద్ధతి ఒక్కటే. మునిగినవాడి మణికట్టు పట్టి చూడాలి. వెచ్చగా ఉంటే పైకి ఎత్తాలి, చల్లబడితే సముద్రానికి వదిలెయ్యాలి.

ఒక మధ్యాహ్నం తుఫానులో చెల్లెలు పడవల వడ్రంగి తమ్ముణ్ణి ఒడ్డుదాకా మోసుకొచ్చింది. అలసటతో తిరిగి వెళ్ళలేక అతని పక్కనే ఇసుకలో సొమ్మసిల్లింది. వడ్రంగీ, అతని భార్యా ఇద్దరినీ తమ షెడ్డులోకి చేర్చారు.

ఆ షెడ్డు సగం నేలమీద, సగం గుంజల ఆసరాతో నీటిమీద ఉంటుంది. లోపల చెక్కపొట్టు, తారు వాసన, మూలన తారు కాచే పెద్ద పొయ్యి. నేలలో ఒక చెక్క తలుపు ఉంది. దాన్ని ఎత్తితే కింద నీళ్ళే.

"చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. పొయ్యి ఎగదొయ్యండి," అంది భార్య, చెల్లెలికి కంబళి చుడుతూ.

"చేప జాతి కదే. నిప్పు పడుతుందంటావా?"

"మీ తమ్ముడికి పడిందిగా! వాణ్ణి బతికించిన తల్లిని చలికి వదిలేస్తే దేవుడు మెచ్చుతాడా?"

ఆయన పొయ్యిలో రెండు మొద్దులు వేశాడు.

అప్పుడే నేల కింద ఎవరో దబదబా తట్టారు.

"అన్నా, మా చెల్లి లోపలుంది. నీళ్ళలోకి దించు. మాకు చలువే ప్రాణం. ఆ వేడి దాన్ని తినేస్తుంది!"

వడ్రంగి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. భార్య ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. మునిగి తేలినవాళ్ళు వేడెక్కేదాకా నీటి నుంచి వచ్చే పిలుపుకు పలకకూడదని పడవవాళ్ళ కట్టుబాటు. లాక్కోలేనిదాన్ని సముద్రం బతిమాలి పట్టుకుపోతుందని వాళ్ళ భయం.

"మా నాన్నకూ ఇలాగే ఏడుపు వినిపించిందట. తలుపు తీశాడు, పోయాడు. మీరు తీశారంటే నామీద ఒట్టే!"

"వదినా, నీ కాళ్ళకు మొక్కుతా. దాని పెదాలు చూడు, పగులుతున్నాయా లేదా?" అంది కింది గొంతు.

భార్య చూసింది. పగులుతున్నాయి.

"చలికి మాత్రం పగలవా?" అని గొణిగి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది. భార్య ముఖం వెలిగింది. "ఏవండీ, వెచ్చబడుతోంది! ముట్టుకుని చూడండి!"

కింద తట్టడం ఆగిపోయింది.

పక్కన తమ్ముడు కళ్ళు తెరిచాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"వదినా, ఆవిడ ఊపిరి తీసుకోవడం లేదేం?"

వడ్రంగి గొళ్ళెం తీసి, తలుపెత్తి, చెల్లెల్ని రెండు చేతులతో కిందికి దించాడు. అక్క అందుకుంది. పుట్టినప్పటి నుంచి చల్లగా ఉన్న ఒళ్ళు కాలిన ఇటుకలా ఉంది.

"మంచే అనుకున్నాం, తల్లీ," అన్నాడు వడ్రంగి.

అబద్ధం కాదు. మంచి అనుకుంటే చాలునా అంటే మనలో ఎవరం చెప్పగలం?

క్షమించమన్నట్టు అతను వంగి చెయ్యి చాచాడు. అక్క అలవాటుగా ఆ మణికట్టు పట్టి చూసింది.

వెచ్చగానే ఉంది.

ఆ తర్వాత రేవంతా, పడవల్ని ముంచే సుడిరాకాసి అని శాపనార్థాలు పెట్టింది ఆ అక్కకే. వెచ్చని చేతిని ఆమె కిందికి లాగడం అదే మొదలు.