బక్కోడి భోజనాలు

ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేశాక మేడ మీది పిట్టలకు పని పెరిగింది.

మేడ మీద ఇనపజాలీ బిగించిన గది ఒకటుంది. అందులో రంగురంగుల లవ్‌బర్డ్స్, ఒక సంతకు సరిపడేంత గోల. అది అత్తగారి సామ్రాజ్యం. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కమని మొరాయించాక రాజ్యాన్ని కోడళ్ళకు పంచింది. పొద్దుటి పూట పెద్దకోడలిది, సాయంత్రం పూట చిన్నకోడలిది. కింద కుర్చీలో కూర్చుని పైకి కేకలేసే శాఖను మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

ఒక సాయంత్రం చిన్నకోడలు గది తలుపుకు గడియ పెట్టడం మరిచిపోయింది. మూడు పిట్టలు తుర్రుమన్నాయి. అంతకు ముందే ఆమె ముచ్చటపడి తెచ్చుకున్న పూలమొక్కలు వరసగా ఎండిపోయాయి. పెద్దకోడలి నోటికి కూడా గడియ లేదు గనక, "నీ చేతిలో ఏదీ బతకదే" అనేసింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమన్న సంగతి ఆవిడకు తెలియక కాదు, అనేశాక గుర్తొచ్చింది. చిన్నకోడలు ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి అసలేమీ అనడం లేదు.

ఆదివారాలు మాత్రం ఇద్దరూ కలిసి గది కడగాలి. అప్పుడు ఏం చెప్పుకోవాలన్నా 'ప్రెసిడెంటు'కి చెప్పేవాళ్ళు. ప్రెసిడెంటంటే అన్నిటికంటే పై కొమ్మ మీద కూర్చునే ముసలి పచ్చ పోతుపిట్ట.

"ప్రెసిడెంటుగారూ, నీళ్ళగిన్నె కడగడం కొందరికి చేతకాదేమో కనుక్కోండి," అనేది పెద్దకోడలు.

"ప్రెసిడెంటుగారూ, ఆ పాచి పొద్దుటిదో సాయంత్రానిదో ఆ కొందర్నే అడగండి," అనేది చిన్నకోడలు.

పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి తిట్టుకునేవాళ్ళు ఊరంతా ఉన్నారు, పిట్ట మీద పెట్టడం ఈ ఇంటి ప్రత్యేకత. ప్రెసిడెంటు ఇద్దరి మాటా విని, పక్షపాతం లేకుండా ఇద్దరి మీదా రెట్ట వేసేవాడు.

అలాంటి రోజుల్లో బక్కోడనే పిల్లపిట్ట గుడ్లు పొదిగే చెక్కపెట్టెలోంచి బయటపడ్డాడు. తోబుట్టువులు నలుగురూ అప్పటికే రెక్కలు విదిలిస్తూ తిరుగుతున్నారు. వీడు మాత్రం నేల మీద మూల చేరి, అప్పులవాణ్ణి చూసినట్టు అందర్నీ చూస్తూ కూర్చున్నాడు. ఎగరబోతే బోర్లా పడేవాడు. ఆడో మగో తేలకుండానే వాణ్ణి బక్కోణ్ణి చేసేశారు.

"ముట్టుకోకండి," అని అత్తగారు కింద నుంచి తీర్పు చెప్పింది. "ఎవర్ని ఎలా పెంచాలో తల్లికి తెలుసు. నా పిల్లల్ని నేనూ అలాగే పెంచాను."

అలా పెరిగిన ఇద్దరినీ రోజూ చూస్తున్న కోడళ్ళకు ఈ పద్ధతి మీద పెద్ద గురి కుదరలేదు.

పెద్దకోడలికి భయం పట్టుకుంది. బక్కోడు పోతే పోతాడు, పిట్టన్నాక పోతుంది. కానీ సాయంత్రం పూట పోతే? చిన్నదాని చేతిలో పోతే? తను నోరు జారి అన్నమాట నిజమై కూర్చుంటుంది. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని మాట వెనక్కి తీసుకోవాలి? అందుకని అత్తగారికి తెలియకుండా చెంచా అంచులు వంచి, పిల్లపిట్టల పిండి గోరువెచ్చగా కలిపి, కుట్టుమిషన్ మీది పని వదిలేసి మరీ పైకెళ్ళి వాడి నోట్లో పోయడం మొదలుపెట్టింది. వాడు కళ్ళు మూసుకుని తాగుతుంటే ఆవిడకు వాడి మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. అది ఆవిడ లెక్కలో లేనిది.

ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి గది కడగడంతో దొంగచాటుగా పెట్టడం కుదరక, మధ్యాహ్నం అత్తగారి కునుకు చూసుకుని, చెంచా కొంగు చాటున దాచి పైకి వెళ్ళింది. జాలీ గదిలో చిన్నకోడలు చతికిలబడి ఉంది. ఆమె పనిచేసే మందుల షాపు నుంచి తెచ్చిన సూది లేని సిరంజి చేతిలో ఉంది, దాని నిండా పిండి. ఒళ్ళో బక్కోడు వాలిపోయి ఉన్నాడు. వాడి మెడ కింద తిండిసంచి ఉసిరికాయంత ఉబ్బి ఉంది.

ఇద్దరూ ప్రెసిడెంటు వైపు చూశారు.

పశువుల డాక్టరు దగ్గరికి ఒకే స్కూటర్ మీద వెళ్ళక తప్పలేదు. చిన్నకోడలు నడిపింది. పెద్దకోడలు ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని, ముందున్న భుజం పట్టుకోకుండా బిర్రబిగుసుకుని కూర్చుంది. మొదటి గుంతతోనే ఆ పౌరుషం ఎగిరిపోయింది. చచ్చినట్టు పట్టుకుంది.

డాక్టరు బక్కోడి మెడ తడిమి, "ఎవరు పెడుతున్నారు వీడికి?" అన్నాడు.

"నేను, పొద్దున," అంది పెద్దకోడలు.

"నేను, సాయంత్రం," అంది చిన్నకోడలు.

"వాళ్ళమ్మా నాన్నా?"

"వాళ్ళూ పెడతారు."

"పిట్టమ్మా ఇది, బకెట్టు కాదు. పాత తిండి అరక్కుండానే కొత్తది పోస్తే లోపల పులిసిపోదూ? ఇంకో పూట పోసుంటే నా దగ్గరికి తెచ్చే పని కూడా ఉండేది కాదు." ఆయన ఆ సంచిని ఖాళీ చేసి మందు వేశాడు. "కొన్నాళ్ళు వేరే గూట్లో పెట్టి మీరే చూసుకోండి. పెట్టేముందు ఒకర్నొకరు అడగండి. నోళ్ళున్నాయి కదా ఇద్దరికీ?"

ఉన్న నోళ్ళే ఇంతవరకూ తెచ్చాయని పెద్దకోడలు ఆయనకు చెప్పలేదు.

మర్నాటి సాయంత్రం చిన్నకోడలు కుట్టుమిషన్ పక్కకొచ్చి నిలబడింది. గోడ కేసి చూస్తూ, "అక్కా, పెట్టావా?" అంది.

"పెట్టాను. ఇంకా అరగలేదు. చీకటిపడ్డాక నువ్వు పెట్టు."

అంతే. కానీ ఆ రాత్రి పెద్దకోడలు అన్నం తింటూ ఉత్తినే నవ్వుకుంది. భర్త కంగారుపడి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

అక్కణ్ణుంచి రోజూ అదే ప్రశ్న. ప్రశ్న వెనకే షాపు ఓనరు పిసినారితనం వచ్చింది, జాకెట్టు బిగుతైందని దెబ్బలాడిన మహాతల్లి వచ్చింది, అత్తగారి గురక వచ్చింది. బక్కోడు కూడా ఒళ్ళు చేశాడు. గూట్లోంచి గదిలోకి వదిలితే పడుతూ లేస్తూ పై కొమ్మ దాకా వెళ్ళి, ప్రెసిడెంటు చేత తన్నించుకుని వచ్చాడు.

ఒక సాయంత్రం పెద్దకోడలు వెళ్ళేసరికి వాడు గిన్నె అంచున కూర్చుని పటపటా గింజలు ఒలుచుకుని తింటున్నాడు. ఆవిడకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. వీడు సొంతంగా తింటే ఇక అడగడానికి ఏముంది?

వెనక మెట్ల మీద చప్పుడైంది. "అక్కా, పెట్టావా?"

"లేదు," అంది పెద్దకోడలు. "వీడికింకా సొంతంగా తినడం రాలేదు."

బక్కోడు ఇంకో గింజ ఒలిచి, పొట్టు ఆవిడ పాదం మీదకు ఊశాడు.

చిన్నకోడలు వాడి వైపు చూసింది. "అవునక్కా, పాపం. మొన్న కూడా నా ముందే గిన్నె ఖాళీ చేశాడు గానీ, తినడం ఎక్కడొచ్చు వీడికి?" అంటూ పక్కనే కూర్చుని, సిరంజి మూత తీసింది.

పెద్దకోడలు వాణ్ణి పట్టుకుంది. వాడు సిరంజి చూడగానే మూతి తిప్పుకున్నాడు.

"ఆ రోజు నేనన్నది తప్పు," అంది పెద్దకోడలు, వాడితో కాదు. "నీ చేతిలోనే బతికాడు వీడు."

చిన్నకోడలు ముక్కు ఎగబీల్చింది. "సరిగ్గా పట్టుకో అక్కా. పిండి చల్లారిపోతోంది."