అంజన్ బండి గుత్త

టాక్సీ నడిపే కొడుకు అంజన్ పోయి నెల మాసికం అయిన మరునాడే మిస్త్రీ బాలనర్సింహ వచ్చి వైకుంఠం సారు గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. పరామర్శకు వచ్చాడనుకుని సారు కుర్చీ చూపించాడు. మిస్త్రీ కూర్చోలేదు. కాసేపు అంజన్ మంచితనం చెప్పి, తల గోక్కుని, మెల్లగా గుత్త సంగతి ఎత్తాడు.

సారుకు పొలం గుత్త తెలుసు, మామిడితోట గుత్త తెలుసు. కారుకు కూడా గుత్త ఉంటుందని ఆ రోజే విన్నాడు. బాలనర్సింహకు షాలిబండలో బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. టాక్సీ నడిపేవాళ్ళు ఏడాదికి ఇంత అని అతనికి కడతారు. ఆ ఏడాదంతా వాళ్ళ బండి పట్నంలో ఎక్కడ ఆగిపోయినా, ఎండైనా వానైనా, కబురు అందగానే పానాల సంచీ భుజాన వేసుకుని అక్కడికి వెళ్ళవలసిన బాధ్యత అతనిది. సామాన్ల ఖర్చు వేరు, చేతి పని గుత్తలోనే. లెక్క దసరా నుంచి దసరాకు. పండుగ నాడు వద్దన్నవాడిది తెగిపోతుంది. వద్దననివాడిది అడగకుండానే మరో ఏడాది సాగుతుంది. అంజన్ వద్దనలేదు. పైగా పెట్రోలు మండిపోతున్నదని మిస్త్రీ ఈసారి అందరికీ గుత్త పెంచాడట.

సారు అంతా విన్నాడు. లాల్‌దర్వాజా బడిలో తెలుగు చెప్పే మనిషి. తూచి మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ మాటను కూడా తూచే వింటాడు.

"అడగకుంట సాగుతది, చెప్పకుంట పెరుగుతది. ఇది గుత్తనా, గోరా?" అన్నాడు.

"గోరే అనుకోండ్రి సారూ. ఏలుకు దెబ్బ తాకకుంట కాపాడేది గదే గదా."

సారుకు నవ్వు రావలసిన చోట నవ్వు రాలేదు. నోరు మెదపనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ, మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అన్నది కూడా సగానికేననీ వివరించబోయాడు. అయితే సగం గుత్తే ఇవ్వమన్నాడు మిస్త్రీ. బండి ఏటి అవతల అఫ్జల్‌గంజ్‌లో ఆగితే తాను ఇవతల నయాపూల్ దాకా వచ్చి నిలబడతానన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించాడు.

"నోరు మెదపకుంట ఎక్కడున్నడు సారూ? దసరా నాడు షెడ్డు కాడ అందరి బండ్లకు పూజ చేసినం. అంజన్‌కు ఒళ్ళు కాలుతున్నది, అయినా వచ్చిండు. గుత్త సంగతేంది తమ్మీ అని అడిగిన. సాలన్నా, అన్నడు."

సారు తల ఎత్తాడు.

"చాలు అన్నాడా?"

"అదే సారూ. సాలు. ఈ సాలు గూడ నడువనియ్యి అన్నట్టు."

వంటింటి తలుపు దగ్గర నిలబడ్డ కోడలు సుగుణమ్మను సారు పిలిచాడు. ఆ రోజు భర్త వెంట ఆమె కూడా బండిలో ఉంది. అంజన్ ఏమన్నాడో నువ్వు విన్నావా అని అడిగితే ఆమె కొంగు సర్దుకుని, విన్నానన్నది.

"సాలన్నా, అన్నడు మామా."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాక్షి చెప్పిన మాటలో ఒక్క అక్షరం అటు ఇటు కాలేదు. అయినా తగవు మొదలైన చోటే ఉంది. ఆ వీధిలో చాలును సాలంటారు, సంవత్సరాన్నీ సాలంటారు. ఇక చాలన్నా, ఈ ఏడు కూడా నడవనీ అన్నా నోటినుంచి వచ్చే మాట ఒక్కటే. తెంచే మాట, ముడివేసే మాట ఒక్కటే. వైకుంఠం సారు ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధి పిల్లల నోట సాలును చాలుగా దిద్దుతూనే ఉన్నాడు. ఇంట్లో దిద్దిన పిల్లవాడు మాత్రం దిద్దుబాటుకు లొంగలేదు. పలక మీద చాలు అని రాసి, నోటితో సాలు అని చదివేవాడు.

మిస్త్రీ వెళ్ళిపోయాక కూడా సారు ఆ మాట దగ్గరే ఉండిపోయాడు. అది ఉత్త గుత్త తగాదా అయితే ఎంతో కొంత ఇచ్చి పంపేవాడే. కానీ దసరా దాటిన పక్షానికే కామెర్లు ముదిరి అంజన్ పోయాడు. బండి గురించి అతను మాట్లాడిన ఆఖరి మాట అది. కొడుకు చాలన్నాడంటే టాక్సీ బతుకు చాలనుకున్నాడని అర్థం, బండి అమ్మేయాలి. ఏడాది నడవనీ అన్నాడంటే నడపాలి. సుగుణమ్మకు నడపాలనే ఉంది. అంజన్ జతగాడు కొండల్ కిరాయికి నడుపుతానని ముందుకు వచ్చాడు కూడా. ఆమె ఒక్కసారి అడిగి ఊరుకున్నది. కొడుకు ఏమనుకున్నాడో తెలియకుండా కొడుకు బండిని ఏదీ చేయనన్నాడు సారు.

చలికాలమంతా అంబాసిడర్ తాటిపత్రి కింద ఉంది. మిస్త్రీ అప్పుడప్పుడూ వచ్చేవాడు, గుత్త అడిగేవాడు, చాయ తాగి పోయేవాడు. ఒకసారి సారు, పని చేయని నెలలకు గుత్త ఎందుకని అడిగాడు. బండి నిలబడ్డా తన కాలు మాత్రం సిద్ధంగానే ఉందని, గుత్త ఆ కాలికేనని అతను జవాబు చెప్పాడు. వీధి అరుగుల మీద కూడా రెండు పక్షాలు ఏర్పడ్డాయి. జ్వరంలో ఉన్నవాడు రాబోయే ఏడాది సంగతి ఎట్లా మాట్లాడతాడని కొందరు. జ్వరంలో ఉండి కూడా పూజకు వచ్చినవాడు తెంచుకోవడానికి వస్తాడా అని కొందరు. రెండూ నిజమే అనిపించేవి సారుకు. బళ్ళో వ్యాకరణం చెబుతూ చెబుతూ ఆగిపోయేవాడు. ఇన్నేళ్ళూ భాష తన చేతిలో ఉందనుకున్నాడు. ఇంటి మాట ఒకటి, పిల్లవాడి నోటి మాట, బావిలో చంద్రుడిలా కనిపిస్తూనే అందకుండా పోయింది.

ఉగాది వెళ్ళింది. ఎండలు వెళ్ళాయి. ఆషాఢం వచ్చేసరికి సారు ఒక నిర్ణయానికి వచ్చాడు. తాను నేర్పిన మాట 'చాలు'. కొడుకు కూడా అదే అని ఉంటాడు. బేగంబజారులో ఒక వ్యాపారి కొనడానికి బండి చూస్తానన్నాడు. బోనాల మరునాడు మధ్యాహ్నం తీసుకురమ్మన్నాడు. సుగుణమ్మ సరే అన్నది. ఆ తరువాత చాలాసేపు ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు.

చావు జరిగిన ఇల్లు గనుక ఆ ఏడు వాళ్ళకు బోనం లేదు. పండుగ వాళ్ళ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అందుకే మరునాడు ఏటి దాకా అమ్మవారి ఘటం ఊరేగింపు ఉంటుందని కొండల్ గుర్తుచేసినా సారు పట్టించుకోలేదు. ఘటం బయలుదేరేలోగా ఏరు దాటిపోతామన్నాడు.

దాటలేదు. చార్మినార్ దాటి గుల్జార్‌హౌజ్ దగ్గరికి వచ్చేసరికి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగడం కూడా ముందు చక్రం గుంటలో దిగి ఆగింది. కొండల్ కిందికి దిగి బానెట్ ఎత్తి చూశాడు, దించాడు. దుకాణాలు సగం మూసి ఉన్నాయి. రోడ్డుకు రెండు వైపులా జనం అప్పటికే గోడలు కట్టినట్టు నిలబడ్డారు. బండి తీయమని పోలీసు అరిచాడు. కొండల్, ఇంకో ఇద్దరు భుజం పెట్టారు. చక్రం గుంటలోంచి సగం లేచి మళ్ళీ వెనక్కి జారింది. గుత్త ఉంటే మిస్త్రీకి కబురు పెట్టేవాళ్ళం అన్నాడు కొండల్ చెమట తుడుచుకుంటూ. మిస్త్రీ ఈ రోజు ఎక్కడుంటాడో కూడా అతనికి తెలియదు.

అప్పుడు డప్పులు వినిపించాయి.

ముందు ఆ చప్పుడు చెవులకు కాదు, బండి తలుపుకు తగిలింది. సారు చెయ్యి పెట్టిన చోట రేకు సన్నగా వణికింది. చార్మినార్ వైపునుంచి ఏనుగు వస్తున్నది. దాని మీద అమ్మవారి ఘటం. దాని ముందు ఫలహారం బండ్లు, వేపమండలు, గుగ్గిలం పొగ. అన్నిటికన్నా ముందు అమ్మవారి తమ్ముడు పోతరాజు. ఒళ్ళంతా పసుపు, నుదుట కుంకుమ, నడుముకు వేపాకు, చేతిలో కొరడా. ఆ కొరడా గాలిలో పేలినప్పుడల్లా జనం అల వెనక్కి తగ్గినట్టు తగ్గారు. దారికి అడ్డంగా మిగిలింది అంబాసిడర్ ఒక్కటే. అమ్మవారి దారిలో నిలబడడం ఎంత అపచారమో సారుకు ఎవరూ చెప్పనక్కర లేదు. దిగి దండం పెట్టాలనుకున్నాడు. అంత వ్యవధి లేక ముందు సీట్లో కూర్చున్న చోటే చేతులు జోడించాడు.

పోతరాజు ఆడుతూ ఆడుతూ బండి ముందుకు వచ్చి ఆగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళు సారును చూశాయో, సారు గుండా ఇంకెక్కడికో చూశాయో తెలియదు. పసుపు కింద ఉన్న ముఖం ఎవరిదో గుర్తుపట్టడానికి సారుకు కొంతసేపు పట్టింది. బాలనర్సింహ.

కొరడా మెడకు చుట్టుకున్నాడు. బండి వెనక్కి నడిచాడు. రెండు అరచేతులు డిక్కీ మీద ఆనించి వంగాడు. చక్రం గుంటలోంచి లేచింది, ఈసారి వెనక్కి జారలేదు.

"సీదా పట్టుకోండ్రి సారూ, సీదా," అని కొండల్ కిటికీ పక్కన పరుగెత్తుతూ అన్నాడు. ఎన్నడూ స్టీరింగు ముట్టని మనిషి పక్కకు జరిగి కొడుకు కూర్చునే చోట కూర్చున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

పోతరాజు వెనకాల ఒక చెయ్యి, ఆ చెయ్యి పక్కన ఇంకో చెయ్యి, చివరికి ఎన్ని చేతులో. ఇంజను చప్పుడు లేకుండా బండి పత్థర్‌గట్టి రాతి దుకాణాల మధ్యనుంచి పోయింది. డప్పులు వెనకనుంచి తోస్తున్నాయి. మేడల మీదనుంచి ఆడవాళ్ళు విసిరిన పూలు అద్దం మీద పడుతున్నాయి. దుకాణాల మెట్ల మీద టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. అద్దంలో వెనకాల ఏనుగు నుదురు, దాని మీద ఎండలో మెరిసే ఘటం. సారుకు తాను ఎక్కడికి బయలుదేరాడో కాసేపు జ్ఞాపకం లేదు. దుఃఖం కూడా పక్కకు జరిగి, నోరు తెరుచుకుని చూస్తున్నట్టే ఉంది.

నయాపూల్ దగ్గర వంతెన గోడ పక్కకు బండి చేరింది. పోతరాజు చేతులు తీశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మెడలోంచి కొరడా విప్పి, గాలిలో ఒకసారి పేల్చి, ఘటం వెంట ఏటి వైపు వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున సారు షాలిబండ షెడ్డుకు వెళ్ళాడు. పెంచిన గుత్తతో సహా ఏడాది మొత్తం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. బాలనర్సింహ చెవి వెనక ఇంకా పసుపు ఉంది. గొంతు పోయింది. పైసలు చూసి ఎందుకివి అని అడిగాడు. నిన్న బండి ఆగితే వచ్చావు గనుక, అన్నాడు సారు.

"నేనా? నేనెప్పుడొచ్చిన?"

నిన్న షాలిబండ దాటిన సంగతి తప్ప తనకేదీ యాదికి లేదని, సాయంత్రం ఏటి ఒడ్డున నీళ్ళు చల్లితే లేచానని చెప్పాడు. సారు జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుంట, డిక్కీ, పత్థర్‌గట్టి. వింటున్నకొద్దీ మిస్త్రీ చేతిలో పాన కిందికి జారింది.

"మరి గట్లయితే నేనెట్ల తీస్కుంట సారూ? నేను రాలే. వచ్చినోళ్ళకియ్యాలె."

"వచ్చింది నీ చేతులు."

"చేతులు నావే. తెచ్చింది నేను గాదు."

ఇన్ని నెలలు ఇవ్వనని ఒకరు, ఇవ్వాలని ఒకరు. ఇప్పుడు ఇస్తానని ఒకరు, తీసుకోనని ఒకరు. పక్క షెడ్డువాళ్ళు పని ఆపి విన్నారు. ఎవరూ నవ్వలేదు. చివరికి సారు పైసలు మళ్ళీ జేబులో పెట్టుకుని, నడు, బండి చూద్దువు అన్నాడు. దారిలో, బేగంబజారుకు రావడం లేదని కబురు పంపమని కొండల్‌కు చెప్పానన్నాడు. బండి అమ్మేది లేదు, కొండల్ చేతిలో నడుస్తుందన్నాడు.

"మరి అంజన్ ఏమన్నడో తెలిసిందా సారూ?"

"లేదు," అన్నాడు సారు. "ఇది నా మాట."

నయాపూల్ మీద జనం ఒకచోట ఆగి ఆగి పోతున్నారు. అంబాసిడర్ డిక్కీ మీద పసుపు అరచేతుల గుర్తులు, ఒకదాని పక్కన ఒకటి, గుంపుగా ఎండిపోయి ఉన్నాయి. ఎవరో వాటికి కుంకుమ పెట్టారు. ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. అద్దం మీద బంతిపూల దండ ఉంది. పూలమ్మే మనిషి ఒకామె గంప దించి, బండికి మొక్కి, మళ్ళీ గంప ఎత్తుకుని పోయింది.

బాలనర్సింహ తన అరచేతులు చూసుకున్నాడు. పానాల సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, దూరంగానే నిలబడ్డాడు.

"నేను ముట్ట సారూ. ముందుగాల బానెట్ మీరే తెరువుండ్రి."

"ఎక్కడ పట్టుకోవాలె?"

"లోపల, స్టీరింగు కింద గుంజుండ్రి. గట్లనే. ఇగ ముందలికి రాండ్రి, ఏలు పెట్టి మీదికి లేపుండ్రి."

సారు వేలు రేకు కిందికి పోయి కొక్కెం వెతికింది, దొరికింది. బానెట్ బరువుగా లేచింది. లోపలినుంచి నూనె, రబ్బరు, దుమ్ము కలిసిన వాసన ముఖానికి తగిలింది. రోజూ సాయంత్రం అంజన్ ఇంట్లో అడుగుపెట్టగానే వచ్చే వాసన. పిల్లవాడి చొక్కా వాసన. వైకుంఠం సారు బానెట్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దించకుండా, అట్లాగే నిలబడ్డాడు.